పరాయి నగరంలో తొలి పని: ఏది పట్టుకోవాలి, ఏది వదులుకోవాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి విదేశాలకు వెళ్లే చాలామంది చెన్నైలో విమానం ఎక్కేటప్పటికే ఇంటి దగ్గర ఒక అప్పు నడుస్తూ ఉంటుంది. కొంత బ్యాంకు విద్యారుణం, మిగిలింది తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. పది లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 20,000. డబ్లిన్‌లోనో లండన్‌లోనో దిగిన పిల్లలు మొదటి వారం నుంచే పని కోసం పరుగులు పెట్టేది ఆ అంకె కళ్ల ముందు ఆడుతూ ఉండడం వల్లే. ఆ తొందరలో ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర చేరిపోతారు. నాకు బాధ కలిగించేది ఇదే. తాత్కాలిక పనుల్లో చదువును, వీసాను కాపాడేవి ఉన్నాయి, రెండింటినీ మింగేసేవీ ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసే వ్యవధి ఆ వారంలో దొరకదు. అందుకే ఇక్కడే, బయలుదేరకముందే, ఆ పోలిక చేసుకోవాలి. ముందు చదువుకు వెళ్లేవాళ్ల సంగతి చెబుతాను. ఉదయగిరి, కనిగిరి మెట్ట ప్రాంతాల నుంచి కువైట్, దుబాయి వెళ్లేవాళ్ల సంగతి తర్వాత.

చూపించిన డబ్బు చేతిలో ఉందా?

వీసా కోసం ఖాతాలో డబ్బు చూపించాలి. బ్రిటన్ 2025 నవంబరు నుంచి లండన్‌లో చదివేవాళ్లకు నెలకు 1,529 పౌండ్లు, లండన్ బయట 1,171 పౌండ్ల లెక్కన తొమ్మిది నెలల ఖర్చు చూపించమంటోంది. ఐర్లండ్ ఏడాదికి 10,000 యూరోలు, ఆస్ట్రేలియా 29,710 డాలర్లు అడుగుతున్నాయి. జర్మనీ అయితే 11,904 యూరోలు ముందే ఒక ప్రత్యేక ఖాతాలో వేయించి, అక్కడికి చేరాక నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే తీసుకోనిస్తుంది.

మన దగ్గర జరిగేది అందరికీ తెలుసు. కొన్ని వారాల కోసం వడ్డీకి తెచ్చి ఖాతాలో వేసి, వీసా ముద్ర పడగానే తిరిగి ఇచ్చేస్తారు. పిల్లవాడు ఒక నెల అద్దెకు సరిపడే డబ్బుతో విమానం దిగుతాడు. అలా దిగినవాడికి పనుల మధ్య ఎంపిక అనేదే ఉండదు. ఎవరైనా గంటకు ఏడు పౌండ్లు ఇస్తామంటే సరే అంటాడు, రాత్రి రెండింటి దాకా ఉండమంటే ఉంటాడు. జర్మనీ పద్ధతి తల్లిదండ్రులకు భారంగా కనిపిస్తుంది కానీ, చెడ్డ పనికి 'వద్దు' అనగల బలాన్ని పిల్లలకు ఇచ్చేది అదే. మిగతా దేశాలకు పంపేవాళ్లు కూడా కనీసం మూడు నెలల అద్దె, తిండి, ప్రయాణం ఖర్చు నిజంగా చేతికిచ్చి పంపాలని నా గట్టి అభిప్రాయం. అంత సర్దలేకపోతే ఒక సీజను ఆగి వెళ్లడం మేలు.

ఇంకో లెక్క కూడా చూడండి. బ్రిటన్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లకు 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. ఆ లెక్కన వారానికి 20 గంటలంటే 244.20, నెలకు సగటున 1,058 పౌండ్లు. లండన్‌లో బతకడానికి 1,529 కావాలని ఆ ప్రభుత్వమే అంటోంది. అంటే ఒక్క వారం కూడా పని తప్పకుండా చేసినా నెలకు 471 పౌండ్లు తక్కువ. లండన్ బయట ఆ తేడా 113 పౌండ్లే. పార్ట్ టైం పనితో ఫీజు కట్టేయవచ్చని, ఇంటికి కూడా పంపవచ్చని నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఏ కన్సల్టెన్సీ చెప్పినా ఈ లెక్క వాళ్ల ముందు పెట్టి అడగండి. చిన్న పట్టణంలోని విశ్వవిద్యాలయం లండన్ కన్నా ఎందుకు మేలో కూడా ఇందులోనే తెలుస్తుంది. అయితే చిన్న పట్టణంలో పనులు తక్కువ, ఉన్నవాటికి పోటీ ఎక్కువ. గంట దూరంలో పెద్ద నగరం ఉన్న మధ్యస్థ పట్టణం నా దృష్టిలో అన్నిటికన్నా అనువైనది.

ఏ దేశం ఎంత పని చేయనిస్తుంది

అమెరికా అన్నిటికన్నా కఠినం. ఎఫ్-1 వీసా మీద చేరిన విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లోనే పని చేయాలి. పెట్రోలు బంకు, ఇండియన్ రెస్టారెంట్, మోటెల్, ఏదైనా అనుమతి లేకుండా క్యాంపస్ బయట చేస్తే వీసా హోదా పోతుంది. 'అందరూ చేస్తున్నారు' అనే మాట విని లక్షల రూపాయల చదువును పణంగా పెట్టవద్దు. అమెరికా వెళ్లేవాళ్ల ముందు ఉన్నది ఒకటే పోలిక: క్యాంపస్‌లో ఏ పని. భోజనశాలలో పని సెమిస్టర్ మొదట్లో సులభంగా దొరుకుతుంది. గ్రంథాలయం, ప్రయోగశాల, ప్రొఫెసర్ దగ్గర పేపర్లు దిద్దడం వంటివి రెండో సెమిస్టర్‌కు గానీ రావు, కానీ చదువుకు పనికొస్తాయి. క్యాంపస్‌లో పని ఇస్తున్నట్టు ఉత్తరం ఉంటేనే, జీతం తీసుకోవడానికి కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు చేయగలరు కాబట్టి మొదటి జీతానికి కొన్ని వారాలు పడుతుంది.

బ్రిటన్‌లో డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు వారానికి 20 గంటలు. ఇక్కడ రెండు చోట్ల మనవాళ్లు దెబ్బతింటున్నారు. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం దాకా, సగటు లెక్క ఒప్పుకోరు. ఈ వారం 24, వచ్చే వారం 16 చేస్తే సరిపోతుందని అనుకుంటే అది ఉల్లంఘనే. రెండోది, ఏడాది మాస్టర్స్ చేసేవాళ్లకు వేసవి అంటే సెలవులు కావు. డిసర్టేషన్, అంటే పరిశోధన వ్యాసం, రాసే ఆ నెలలు కూడా చదువు కాలం కిందికే వస్తాయి, 20 గంటల హద్దు అప్పుడూ ఉంటుంది. తమ కోర్సు తేదీలను విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి.

ఐర్లండ్ నిబంధన గుర్తుపెట్టుకోవడం తేలిక. మామూలుగా వారానికి 20 గంటలు. జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా, మళ్లీ డిసెంబరు 15 నుంచి జనవరి 15 దాకా 40 గంటలు. మీ కోర్సుకు సెలవులు ఎప్పుడన్నదానితో సంబంధం లేదు. మాస్టర్స్ విద్యార్థికి బ్రిటన్ కన్నా ఐర్లండ్ ఈ ఒక్క విషయంలో చాలా నయం. డబ్లిన్ అద్దెలు మాత్రం ఆ లాభాన్ని చాలావరకు తినేస్తాయి.

ఆస్ట్రేలియా పద్నాలుగు రోజులకు 48 గంటలు ఇస్తుంది. ఒక వారం 30, మరో వారం 18 చేసుకోవచ్చు కాబట్టి పరీక్షల వారంలో తగ్గించి తర్వాత పెంచుకునే వీలుంది. కాకపోతే ఏ సోమవారం నుంచి లెక్కపెట్టినా ఆ పద్నాలుగు రోజుల్లో 48 దాటకూడదు. 2025 జులైలో అక్కడ కనీస వేతనాన్ని గంటకు 24.95 డాలర్లు చేశారు. క్యాజువల్‌గా, అంటే సెలవులు, స్థిరమైన గంటలు లేకుండా పనిచేసేవాళ్లకు దానిపై 25 శాతం అదనం. గంట వేతనం ఒక్కటే చూస్తే ఇది ముందుంటుంది. కెనడా వారానికి 24 గంటలు ఇస్తుంది, కోర్సు మొదలయ్యేదాకా పని చేయకూడదు. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు. భాష రాకపోతే అక్కడ దుకాణాల్లో, హోటళ్లలో పని దొరకడం కష్టం, గోదాములే దిక్కు. ఇక్కడ ఉండగానే జర్మన్ కొంతైనా నేర్చుకున్నవాళ్లకు దొరికే పనుల సంఖ్యే మారిపోతుంది.

రెస్టారెంటా, గోదామా, క్లీనింగా?

మనవాళ్లకు మొదట ఎదురయ్యేది ఇండియన్ రెస్టారెంట్. భాష ఇబ్బంది లేదు, ఒక పూట భోజనం దొరుకుతుంది, ఇంటి మీద బెంగ కొంత తగ్గుతుంది. కిచెన్‌లో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి ఉల్లిపాయలు తరగడం, తర్వాత తందూరు దాకా వెళ్లవచ్చు. కష్టం ఎక్కడంటే శుక్ర, శని, ఆదివారాల రాత్రులు పూర్తిగా పోతాయి. ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. ఇంగ్లీషు మెరుగుపడదు. ఏడాది గడిచాక ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఆ లోటు తెలుస్తుంది.

గోదాము పనులు ఎక్కువగా ఏజెన్సీల ద్వారా వస్తాయి. వారం వారం జీతం, రాతపూర్వకమైన స్లిప్పు, ఇంటర్వ్యూ నామమాత్రం. వస్తువులు ఏరి బుట్టలో వేసే పనికి చేతిలో స్కానర్ ఇస్తారు, గంటకు ఎన్ని ఏరారో అది లెక్కపెడుతుంది. మొదటి పది రోజులు కాళ్లు వాచిపోతాయి, తర్వాత అలవాటవుతుంది. అసలు ఇబ్బంది దూరం. గోదాములు ఊరి బయట ఉంటాయి, తెల్లవారుజామున షిఫ్టుకు బస్సు ఉండదు. షిఫ్టు రద్దయిందని ముందు రాత్రి మెసేజ్ పంపే ఏజెన్సీలూ ఉన్నాయి. బ్రిటన్‌లో పని ఇప్పించినందుకు ఏజెన్సీ మీ దగ్గర రుసుము తీసుకోవడం చట్టవిరుద్ధం, అడిగితే అక్కడితో ఆపేయండి.

ఈ దూరం విలువ ఎంతో చాలామంది లెక్కవేయరు. ఒక గోదాములో ఆరు గంటల షిఫ్టుకు 73.26 పౌండ్లు వస్తాయి. వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, ఛార్జీ ఎనిమిది పౌండ్లు అనుకుందాం. తొమ్మిది గంటలకు చేతిలో మిగిలేది 65.26, అంటే గంటకు 7.25. అదే వేతనంతో నడిచి పావుగంటలో చేరే సూపర్ మార్కెట్‌లో ఐదు గంటలు చేస్తే 61.05 వస్తుంది. రానుపోను అరగంట కలిపినా గంటకు 11.10. నాలుగు పౌండ్ల కోసం మూడున్నర గంటల చదువో నిద్రో ఇచ్చేస్తున్నారన్నమాట. పని వెతికేటప్పుడు ఫోనులో మ్యాపు తెరిచి, గది నుంచి నడక దూరంలో ఉన్న ప్రతి దుకాణం, ఆసుపత్రి, పాఠశాల, ఆఫీసు భవనం పేరు రాసుకుని అక్కడినుంచే మొదలుపెట్టండి.

నేను అందరికన్నా ముందు సూచించే పనిని మన పిల్లలు చివరగా చూస్తారు. అది ఉదయం పూట ఆఫీసుల క్లీనింగ్. తెల్లవారి ఐదు నుంచి ఎనిమిది దాకా పని, తొమ్మిదికల్లా తరగతిలో ఉండవచ్చు. వారంలో ఐదు రోజులు, పదిహేను గంటలు, ప్రతి వారం ఒకే రకంగా ఉంటాయి. హద్దు దాటతామన్న భయం లేదు. శని, ఆదివారాల్లో మరో నాలుగైదు గంటలు ఎక్కడైనా చేసుకోవచ్చు. ఎవరితో ఎక్కువగా మాట్లాడాల్సిన పని లేదు కాబట్టి మొదటి నెలలో ఇంగ్లీషు తడబడేవాళ్లకు కూడా ఇస్తారు. బీటెక్ చదివి చీపురు పట్టడం ఏమిటని ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు. కానీ వారమంతా ఒకే వేళకు నిద్రపోగలిగే పని ఏ చదువుకునే మనిషికైనా పెద్ద వరం. రాత్రి షిఫ్టుల్లో ఎక్కువ డబ్బు వచ్చినా, తరగతిలో నిద్రపోయి హాజరు పోగొట్టుకుంటే వీసాకే ముప్పు.

వృద్ధుల సంరక్షణ గృహాల్లో కేర్ అసిస్టెంట్ పని వేరే దారి. బ్రిటన్‌లో దీనికి డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ, మనుషులను జాగ్రత్తగా లేపి కూర్చోబెట్టే శిక్షణ కావాలి. రెండూ పూర్తి కావడానికి కొన్ని వారాలు పడుతుంది. పెద్దవాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, పక్క శుభ్రం చేయడం ఉంటాయి. ఇంట్లో తాతకో అమ్మమ్మకో చేసినవాళ్లకు ఇది చేతనవుతుంది, మనసు లేనివాళ్లు దీనికి రావద్దు. నర్సింగ్, ఫార్మసీ, ప్రజారోగ్యం చదివేవాళ్లకు మాత్రం దీన్ని మించిన తాత్కాలిక పని లేదు. ఒక జాగ్రత్త: రాత్రి షిఫ్టు పన్నెండు గంటలైతే రెండు రాత్రులకే 24 అవుతుంది. వారానికి ఒక రాత్రి, ఒక చిన్న పగటి షిఫ్టు మాత్రమే ఒప్పుకోండి.

డెలివరీ పని దూరం నుంచి స్వేచ్ఛగా కనిపిస్తుంది. బ్రిటన్, ఐర్లండ్‌లలో విద్యార్థి స్వయం ఉపాధి చేయకూడదు, జర్మనీలో దానికి ప్రత్యేక అనుమతి కావాలి. బ్రిటన్, ఐర్లండ్‌లలో డెలివరీ యాప్‌ల పని చాలావరకు స్వయం ఉపాధి కిందికే వస్తుంది. అందుకే కొందరు వేరేవాళ్ల అకౌంటు వారం అద్దెకు తీసుకుని తిరుగుతారు. ప్రమాదం జరిగితే బీమా లేదు, పట్టుబడితే వీసా లేదు, అకౌంటు యజమాని డబ్బు ఎగ్గొడితే అడిగే దారి లేదు. ఆస్ట్రేలియా, కెనడాల్లో విద్యార్థులు ఈ పని చేయవచ్చు, కానీ ఆ గంటలూ హద్దులోకే వస్తాయి. బండి, పెట్రోలు, బీమా ఖర్చు తీసేశాక గంటకు ఎంత మిగులుతుందో ఒక నెల రాసుకుని చూడండి.

'మనవాళ్లే కదా' అనే పని

కొత్త ఊళ్లో మొదటి వారం గది చూపించేది, అన్నం పెట్టేది, సిమ్ కార్డు ఇప్పించేది తరచుగా మన తెలుగువాళ్లే. ఆ మేలు నిజమైనది, మరచిపోకూడనిది. ఆ పరిచయంలోంచే ఒక పిలుపు వస్తుంది: "మా షాపులో నిలబడు తమ్ముడూ, చేతికి ఇచ్చేస్తాను, కాగితాలు తర్వాత చూసుకుందాం." ఊరు కావలి అంటే మాది కందుకూరు అంటారు, చుట్టరికం కలుస్తుంది, వేతనం అడగడానికి నోరు రాదు.

గంటకు ఏడు పౌండ్లు చేతికి ఇస్తే 20 గంటలకు 140. నిజాయితీగా వచ్చే 244 సంపాదించాలంటే 35 గంటలు నిలబడాలి. ఆ 35 గంటలు వీసా హద్దును దాటిస్తాయి. దాటినవాడు ఇక యజమాని మీద ఫిర్యాదు చేయలేడు, చేయలేడని యజమానికి తెలుసు. బ్రిటన్‌లో అనుమతి లేకుండా పని చేయడం పని చేసినవాడి మీద కూడా నేరమే, ఆ వేతనాన్ని జప్తు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆస్ట్రేలియా కొంత దయగల చట్టం చేసింది. వీసాను అడ్డుపెట్టుకుని కార్మికుడిని లొంగదీసుకోవడం 2024 జులై నుంచి అక్కడ యజమాని చేసే నేరం. వీసా ఏదైనా కనీస వేతనం అడిగే హక్కు ఉంది, కార్మికుల ఫిర్యాదులు చూసే ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు.

మన తెలుగువాళ్లు నడిపే దుకాణాల్లో పద్ధతిగా జీతమిచ్చేవాళ్లు ఎందరో ఉన్నారు. వేరు చేసి గుర్తుపట్టడానికి కొన్ని సూటి పరీక్షలు ఉన్నాయి. బ్రిటన్‌లో పద్ధతైన యజమాని చేర్చుకునే ముందు మీ వీసా తనిఖీకి షేర్ కోడ్ అడుగుతాడు. అడగకపోతే ఆ పనికి చేరవద్దు. ఎక్కడైనా జీతం బ్యాంకులో పడాలి, ఎన్ని గంటలకు ఎంతో చూపించే స్లిప్పు రావాలి. ఆస్ట్రేలియాలో "ముందు ఏబీఎన్ తీసుకో, నిన్ను కాంట్రాక్టరుగా రాసుకుంటాను" అంటే (ఏబీఎన్ సొంత వ్యాపారం చేసేవాళ్లకు ఇచ్చే నంబరు), దుకాణంలో నిలబడి వాళ్లు చెప్పిన వేళకు చేసే పనికి అది తగదు. కనీస వేతనం, 12 శాతం సూపర్ అనే పదవీవిరమణ నిధి ఎగ్గొట్టడానికి వాడే ఎత్తు అది. ఆ సూపర్ డబ్బు మీరు దేశం విడిచి వచ్చేటప్పుడు పన్ను పోగా తిరిగి అడిగి తీసుకోవచ్చు, వదులుకోకండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "ఏం నాయనా, పని దొరికిందా, ఎంత ఇస్తున్నారు?" అని మొదటి వారం నుంచీ ప్రతి ఫోనులో అడిగితే, అవతల పిల్లవాడు తప్పుడు పనిని కూడా సరే అనేస్తాడు. మొదటి మూడు నెలలు "తిన్నావా, తరగతికి వెళ్లావా" అన్నవి చాలు. వడ్డీ సంగతి మీరు చూసుకోగలరన్న ధైర్యం మీ గొంతులో వినిపించాలి.

పని దొరికే కాలం, దొరకని కాలం

సెప్టెంబరులో దిగినవాళ్లకు అదృష్టం. అక్టోబరు, నవంబరు నెలల్లో క్రిస్మస్ అమ్మకాల కోసం దుకాణాలు, గోదాములు పెద్దఎత్తున మనుషులను తీసుకుంటాయి. జనవరిలో దిగినవాళ్లకు కాలం కలిసిరాదు. ఆ తాత్కాలిక మనుషులనే ఇంటికి పంపే సమయం అది. జనవరి ప్రవేశానికి వెళ్లేవాళ్లు మూడు నెలలు కాక నాలుగైదు నెలల ఖర్చు పెట్టుకుని వెళ్లాలి.

పన్ను నంబర్లు ఏ దేశంలోనూ డబ్బు పెట్టి కొనేవి కావు. ఆస్ట్రేలియాలో టీఎఫ్ఎన్, కెనడాలో సిన్, బ్రిటన్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఉచితంగానే ఇస్తారు. ఐర్లండ్‌లో పీపీఎస్ నంబరు వచ్చాక ఉద్యోగాన్ని పన్నుశాఖ సైటులో మీరే నమోదు చేసుకోవాలి, లేకపోతే అత్యవసర పన్ను పేరుతో జీతంలో పెద్ద భాగం కోస్తారు. కోసినా తర్వాత తిరిగి వస్తుంది, గాభరా పడవద్దు.

రెజ్యూమెలో మనవాళ్లు చేసే లోపం ఒకటి ఉంది. బీటెక్ ప్రాజెక్టు గురించి పేజీ నిండా రాస్తారు, పొదిలిలో నాన్న కిరాణా కొట్టులో నాలుగేళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న సంగతి రాయరు. సూపర్ మార్కెట్ మేనేజరుకు కావలసింది రెండోది. కోవూరులో మామయ్య మెడికల్ షాపు, రొయ్యల చెరువుల దగ్గర మేత, కూలీల లెక్కలు, పెళ్లిళ్లకు వడ్డన, ఏది నిజంగా చేసి ఉంటే అది ఒక పేజీలో రాయండి. చేయనిది రాయవద్దు, మొదటి షిఫ్టులోనే బయటపడుతుంది.

గల్ఫ్ దారిలో

కువైట్, దుబాయి, ఖతార్ వెళ్లేవాళ్ల ఎంపిక దీనికి పూర్తిగా వేరు. చదువుకు వెళ్లే పిల్లవాడు తను చదివే దేశంలో దిగాక పని వెతుక్కోవచ్చు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు పని ఖాయమయ్యాకే విమానం ఎక్కాలి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ వెతుక్కో, దొరికాక మార్చుకోవచ్చు అని చెప్పేవాళ్లు ఉన్నారు. యూఏఈలో విజిట్ వీసా మీద పని వెతకవచ్చేమో గానీ, అనుమతి రాకముందే పని చేయడం నేరం. 2024లో సవరించిన చట్టం ప్రకారం అలా పని చేయించుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హముల జరిమానా. అంత భయం ఉన్నవాడు పట్టుబడే సమయానికి మిమ్మల్ని ఎరగనంటాడు.

రెండో మాట 'ఆజాద్ వీసా'. కఫీలుకు, అంటే వీసా ఇచ్చే అక్కడి యజమానికి, ఏడాదికింత కట్టి, బయట ఎక్కడైనా పని చేసుకోవచ్చని అమ్ముతారు. అలాంటి వీసా చట్టంలో లేదు. అకామాలో, అంటే నివాస అనుమతి కార్డులో, ఒకరి పేరు, పని మరొకరి దగ్గర అయితే తనిఖీ జరిగిన రోజు ఖల్లివెల్లి కింద, అంటే చట్టవిరుద్ధంగా ఉంటున్నవాడి కింద లెక్క. కువైట్‌లో ఇంటిపనికి ఇచ్చే 20వ నంబరు వీసాకు, కంపెనీ పనికి ఇచ్చే 18వ నంబరు వీసాకు తేడా ఇక్కడే తెలుసుకుని వెళ్లాలి. 20వ నంబరు మీద వెళ్లి హోటల్లోనో దుకాణంలోనో చేరకూడదు. ఇంటిపనివాళ్ల కోసం కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టును యజమాని దగ్గర పెట్టుకోకూడదని చెబుతోంది. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లందరికీ ఈ మూడు విషయాలు కంఠతా వచ్చి ఉండాలి.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస అనుమతి తనిఖీ అవసరం) అని ఉంటుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పని మీద వెళ్లాలంటే వాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటు ద్వారా అనుమతి తప్పనిసరి. ఆ పాస్‌పోర్టుతో 30 ఏళ్లలోపు స్త్రీలకు ఇంటిపనికి అనుమతి ఇవ్వరు. కొందరు ఏజెంట్లు ఈ తతంగం తప్పించుకోవడానికే విజిట్ వీసా అంటగడతారు. ఈ-మైగ్రేట్ సైటులో నమోదైన ఏజెంటు మాత్రమే పంపాలి, అతడు మీ దగ్గర తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర, రెండు లక్షలు అడిగేవాడు మీ రెండు రూపాయల వడ్డీని ఏడాదిపాటు మీ చేత కట్టించడానికి వచ్చినవాడే. అనుమతితో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల బీమా వస్తుంది. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు.

గల్ఫ్ పనుల్లో హెల్పర్‌కు, చేతిపని తెలిసినవాడికి జీతంలోనూ మర్యాదలోనూ చాలా తేడా. చీమకుర్తిలో గ్రానైట్ కోత, పాలిషింగ్ చేసినవాడు, టైల్స్ వేయడం వచ్చినవాడు హెల్పర్ ఒప్పందం మీద సంతకం చేయకూడదు. తన పని పేరే ఒప్పందంలోనూ వీసాలోనూ ఉండాలని పట్టుబట్టాలి. ఆ ఒప్పందాన్ని తెలుగులో చదివించుకుని, ఒక కాపీ ఇంట్లో, ఒక ఫొటో ఫోనులో ఉంచుకోవాలి.

పని మానేటప్పుడు

మొదటి పని ఎప్పటికీ ఉండదు, ఉండనక్కర్లేదు. గల్ఫ్‌లో మాత్రం చెప్పకుండా మానేయడం ప్రమాదం. పారిపోయాడని యజమాని ఫిర్యాదు రాస్తే తర్వాతి వీసాకే అడ్డు. జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా ముందు భారత రాయబార కార్యాలయానికి, విదేశాంగ శాఖ ఫిర్యాదుల సైటు మదద్ పోర్టల్‌కు చెప్పి ఆ ఫిర్యాదు నంబరు దాచుకోండి. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు, ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ కూడా ఉంది.

చదువుకునేవాళ్లకు మారడం సులువే. ఒప్పందంలో రాసిన ముందస్తు గడువు ఎంతో చూసుకుని మెసేజ్‌తో తెలియజేయండి. చివరి వారం జీతం, వాడుకోని సెలవుల డబ్బు అడిగి తీసుకోండి, బ్రిటన్‌లో పార్ట్ టైం వాళ్లకు కూడా సెలవుల డబ్బు ఉంటుంది. అక్కడ పని మానేటప్పుడు యజమాని పి-45 అనే కాగితం ఇవ్వాలి. అది కొత్త యజమానికి ఇస్తే పన్ను సరిగ్గా కోస్తారు. పాత పనిలో మంచిగా చూసిన సూపర్‌వైజర్ ఉంటే, మానేసే రోజునే రిఫరెన్స్ ఇస్తారా అని అడిగి మెయిల్ చిరునామా తీసుకోండి. ఆరు నెలలు పోయాక ఆ సూపర్‌వైజర్ మరో శాఖకు మారిపోయి ఉండవచ్చు.